సీజను ముగిశాక ఆదివారం

సోమవారం పొద్దున్నే కొలను ఖాళీ చెయ్యాలని
రెండ్స్‌బుర్గ్ మునిసిపాలిటీ కాగితం నా జేబులో ఉంది.
ఈ ఒక్కరోజు నీళ్లు వాళ్లవి.
దుప్పట్లలో చుట్టి, రెండు చేతులా పొదువుకుని
గేటు దాటి తెస్తారు
ఎవరి జలాంతర్గామిని వాళ్లు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఎత్తు కుర్చీలో కూర్చుని
మనుషులు మునగకుండా చూడ్డం నా ఉద్యోగం.
వీళ్లేమో
మునగడం సరిగా కుదరట్లేదని దిగులుపడే మనుషులు.

తేలడానికేముంది, చచ్చిన చేపా తేలుతుంది,
అంటాడు ఎగర్ట్ టీడెమాన్.
మునగడానికేముంది, రాయీ మునుగుతుంది.
ఆ రెంటికీ నడుమ
తను తోసేసిన నీళ్లెంతో తనూ అంతే బరువై
ఎటూ పోకుండా నిలబడ్డం ఉంది చూశావూ,
దానికి పట్టాయి వీబ్కే, నాలుగు చలికాలాలు.

ఎగర్ట్ పళ్లు కట్టేవాడు.
ఊళ్లో సగంమంది అతను పోసిన పళ్లతోనే రొట్టె కొరుకుతారు.
నేనూ అంతే, ఎడమవైపు కింద రెండు.
వెంట్రుకవాసి తేడాకి చిగురు ఎంత ఏడుస్తుందో
తెలిసిన వేళ్లు అవి.
సూదిమొనతో జిగురు చుక్కలు పెట్టి
రివెట్లన్నాడు, పదకొండు వందలు.
లోపలి గొట్టంలో బ్యాటరీ, మోటారు, ఒక పిస్టన్.
పిస్టన్ వెనక్కి జరిగితే పడవ అరలీటరు నీళ్లు తాగి దిగుతుంది,
ముందుకి జరిగితే కక్కేసి లేస్తుంది.
స్నానాల తొట్టిలో రాత్రుళ్లు
ముక్కు దగ్గర ఒక సీసపు గుండు తీసి, తోక దగ్గర ఒకటి పెట్టి,
మళ్లీ తీసి.

మనవరాలు యోరిండెకి ఆరేళ్లు.
లోపల ఎవరున్నారు, అంది.
ఎవరూ లేరమ్మా.
మరి పైకి రావాలని ఎవరికుంటుంది?

అతను నవ్వి మూత బిగించాడు, కాసేపాగి ఎప్పుడో.
ఆ కాసేపు అతను కాఫీకి వెళ్లాడు.

లోతు వైపు మూడు మీటర్ల ఎనభై.
నీలం పలకల మీద దాని నీడ
ముందు విడిగా నడిచి, తర్వాత దాన్ని కలుసుకుంది.
ఎగర్ట్ మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.
నా మాట వినబడకపోతే నీ అంతట నువ్వే పైకి రా
అని దానికి ముందే నేర్పి ఉంచాడట.
రాలేదు.
కీల్ యార్డులో అసలువాటికి వెల్డింగు చేసిన హిన్నెర్క్
ఎందుకో టోపీ తీశాడు.

నీళ్లు పద్నాలుగు డిగ్రీలు.
బూట్లు విప్పినట్టు గుర్తు. ఈల మెడలోనే ఉంది.
అడుగున దాని నడుం కింద చెయ్యి వేశాను,
పైకొచ్చాక గట్టు దాకా
అలవాటు కొద్దీ
దాని ముక్కు నీళ్లపైకి ఎత్తిపట్టుకునే ఈదాను.

తువ్వాలు మీద పడుకోబెట్టి నాలుగు మరలు విప్పాడు.
పళ్లచక్రం పళ్ల మధ్య
ఒక పాలపన్ను.

పైవరస, ముందుది, కుడివైపు, అన్నాడు ఎగర్ట్.
ఇంకేమీ తోచక ముందు అదే తోచిందతనికి.
యోరిండె పెదాలు బిగబట్టింది.
ఎంతసేపు బిగబడుతుంది?
తెరిస్తే కిటికీ కనబడింది.
కెప్టెన్, అంది.

రక్షించినవారి రిజిస్టరులో ఈ ఏడు ఒకటే వరస:
పొడవు మీటరు అరవై. ఊపిరి లేదు.
లోపల ఒకరు.
అక్టోబరులో మునిసిపాలిటీ నుంచి ఎవరో ఫోన్ చేసి అడిగారు.
చేతిరాత నాదే అన్నాను.

ఆ సాయంత్రం ఎగర్ట్ కెప్టెన్ని దూదిలో చుట్టి
పిస్టన్‌కి దూరంగా, ముక్కులో అంటించాడు.
ఇప్పుడు తూకం మళ్లీ మొదలు,
ఒక సీసపు గుండు తీసెయ్యాలి,
చీకటి పడుతోంది, రేపు నీళ్లుండవు,
అని నా వైపు చూడకుండా అన్నాడు.

వాల్వు మంగళవారం తిప్పాను.