ముల్లు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
కారం మిల్లు మేడమీది గది.
లాప్‌టాప్ తెరిచేలోపే మూడుసార్లు తుమ్మాను.
"అలవాటవుద్దిలెండి" అన్నాడు గుమాస్తా మస్తాన్‌వలి.

మూడు యంత్రాలు, అయిదు గీటురాళ్ళు.
పాతికేళ్ళ హామర్ మిల్లు, బాగుచేయిస్తే ఇంకో పదేళ్ళు నడుస్తుంది;
కోయంబత్తూరు పల్వరైజరు;
గడ్డకట్టే చలిలో కాయను పొడిచేసే మూడోది,
దాని ధర విని పూర్ణయ్యగారు మంచినీళ్ళడిగారు.

ధర. కరెంటు. రంగు. ఘాటు. దుమ్ము.
రెండేసి చొప్పున ఎదురెదురుగా నిలబెట్టి అడగాలి:
ఇది ముఖ్యమా, అది ముఖ్యమా, ఎన్ని రెట్లు?
ఒకటి నుంచి తొమ్మిదిలోపు చెప్పండి.

కరెంటు కన్నా ధర మూడు రెట్లన్నారు.
ధర కన్నా రంగు రెండు రెట్లు,
"రంగు లేందే ఎవడు కొంటాడయ్యా!"
రంగు కన్నా కరెంటు అయిదు రెట్లు.
అప్పుడే బిల్లొచ్చింది మరి.

పొంతన లెక్క కట్టాను.
పదో వంతు దాటితే
మనిషి తనతో తాను పోట్లాడుతున్నట్టు.
సగం దాటింది.
యార్డులో గుప్పెడు కాయలు నలిపి
తేమ ఎంతో చెప్పే మనిషి,
కాటా ముల్లు వణుకును కంటితోనే పట్టేసే మనిషి
తెర వంక చూసి నవ్వాడు:
"నా ముల్లే కుదురుగా లేదంటావ్."

దుమ్ము గడి ఖాళీగానే ఉంది.
"దానికో ఒకటి పడెయ్."

కింద జల్లెడ దగ్గర సువార్తమ్మ,
ముక్కుకి అడ్డంగా కొంగు, కనుబొమ్మల మీద ఎర్రటి పొడి.
పద్ధతి ప్రకారం ఆవిణ్ణీ అడిగాను.
ధరా, దుమ్మా?
"ధర నాది కాదుగా."
రంగా, దుమ్మా?
"రంగు నీళ్ళు పోసుకుంటే పోద్ది."
కరెంటా, దుమ్మా?
"కరెంటు పోయినప్పుడేగా బాబూ
మాకు ఊపిరాడేది."

ఆ మాటలకి పొంతన చూడలేదు.
పైకొచ్చి గడిలో తొమ్మిది వేశాను.
వరసలు తారుమారయ్యాయి.

"ఈ తొమ్మిది ఎవరేశారు?"
"కింది నుంచొచ్చిందండీ."
పూర్ణయ్యగారు చెరపమనలేదు. ఒప్పుకోనూ లేదు.
చాలాసేపటికి మస్తాన్‌ని కేకేశారు:
"పాతదానికే దుమ్ము లాగే సంచులు బిగిస్తే
ఎంతవుద్దో కనుక్కో."

నా పట్టికలో ఆ వరసే లేదు.

సాయంత్రం తెనాలి బస్సులో
చొక్కా చేతులు దులుపుకున్నాను.
ముందు సీట్లో ఎవరో తుమ్మారు.