ఎడమ ఛానెల్

ఫోన్‌లో ముందే చెప్పాడు:
"ఎడమ ఛానెల్ నీరసించింది, మూడేళ్లయింది.
నూట ఎనభై యూరోలిచ్చి పట్టుకుపో."
బాగున్నదైతే ఏడొందలు పలుకుతుంది.
మీటరు, టార్చి, పిచికారీ డబ్బా,
గీతలన్నీ నాకు కంఠతా వచ్చిన రికార్డొకటి
సంచిలో వేసుకున్నాను.
పియానోలకు శ్రుతి పెట్టే పని నాది.
జీతం నా చెవులకే వస్తుంది.

కొత్కా రేవులో మార్చి నెల.
విరిగిన మంచు మళ్లీ తనకు తానే అతుక్కుని
అతుకులన్నీ కనబడుతున్న సముద్రం.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
ఔలిస్ రంతకంగస్ తలుపు తీసి
మొహం కాస్త పక్కకు తిప్పి
నా పేరు రెండుసార్లు అడిగాడు.
సిర్కా, అన్నాను. సిర్కా.

ఇరవై ఆరు కిలోలు.
డెబ్బై తొమ్మిదిలో జపాన్‌లో పుట్టింది.
పక్కలకు వాల్‌నట్ చెక్క,
పైన కాఫీ కప్పు వదిలిన గుండ్రటి మచ్చ.
"దానికో ఇరవై తగ్గించుకో" అన్నాడు తనే.

మూత విప్పాను.
దుమ్ము, దుమ్ము కింద రై రొట్టెంత ట్రాన్స్‌ఫార్మరు.
కెపాసిటర్ల నెత్తులు ఉబ్బలేదు.
మరల మీద ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరలేదు,
అంటే ఏ చేతివాటం మేధావీ లోపల వేలు పెట్టలేదు.
వాల్యూమ్ తిప్పితే ఇసుకలో చెప్పుల చప్పుడు;
రెండు చుక్కల మందు, ఇరవైసార్లు అటూ ఇటూ,
పోయింది.
మీటరు ముల్లు ఆనించాను:
ఎడమ పదకొండు మిల్లీవోల్టులు, కుడి పన్నెండు.
వంకలు వెతకడానికి వచ్చినదాన్ని
వంక దొరక్క కంగారు పడ్డాను.

అప్పుడు చూశాను బాలెన్స్ నాబ్.
గడియారంలో పది దగ్గర ఆగి ఉంది.
పన్నెండుకి తెచ్చి సూది దించాను.
ఒక ఆడగొంతు, ఒక డబుల్ బాస్.
గొంతు రెండు స్పీకర్ల నడుమ
గోడకి మేకు కొట్టి తగిలించినట్టు నిలబడింది.
"విన్నావా," అన్నాడు, "ఎడమ పడిపోయింది."

తీగలు మార్చాను, ఇటుది అటు.
"ఇంకా ఎడమే," అన్నాడు. "స్పీకరు కూడా పోయిందేమో."

ముప్పై ఒక్కేళ్లు మంచు చీల్చే ఓడలో, ఇంజను గదిలో.
ఆ మాట కాఫీ పోస్తూ చెప్పాడు.
మీటల బల్ల దగ్గర నిలబడితే
నాలుగు డీజిళ్లూ ఎప్పుడూ ఎడమవైపే.

జేబులో నూట ఎనభై.
ఎదురుగా ఏడొందల యంత్రం.
నోరు మూసుకుని మోసుకుపోవచ్చు.
ఏలకుల బన్ను నములుతూ
ఎంతసేపు నమిలానో.
ఒక మాట ఇతని చెవిన వేయాలి.
ఏ చెవిన?

"లే," అన్నాను. "కుర్చీ తిప్పి కూర్చో.
వీపు స్పీకర్లకి, మొహం కిటికీకి."
పాట మళ్లీ మొదటినుంచి.
విన్నాడు.
"ఇప్పుడు కుడి స్పీకరు పో..."
ఆగిపోయాడు.

అరచెయ్యి మెల్లగా లేచి
కుడి చెవిని మూసింది.
కిటికీలో ఒక టగ్గు మంచుని నెట్టుకుంటూ వెళ్తోంది.
నా ముందు మీటర్ల సూదులు రెండూ
కలిసి లేస్తున్నాయి, కలిసి పడుతున్నాయి.
టగ్గు కనుమరుగయ్యేదాకా
అతను చెయ్యి తీయలేదు.

"అయితే దీనికేం కాలేదన్నమాట."
"కాలేదు."
"అలాగైతే నూట ఎనభైకి ఇవ్వను."
"ఏడొందలు నా దగ్గర లేవు."
"అమ్ముతానని ఎవరన్నారు?"

లేచి వచ్చి, నాబ్‌ని పది దగ్గరికి తిప్పి,
చెవి వెనక పెన్సిలు తీసి
దాని ఎదురుగా చిన్న గీత గీశాడు.
"ఇదీ నడుమ" అన్నాడు.

ఇరవై ఆరు కిలోలు మోయకుండా మెట్లు దిగుతుంటే
రెండో అంతస్తులో గుర్తొచ్చింది,
నా రికార్డు పైన తిరుగుతూనే ఉందని.