నాలుగు బై పద్నాలుగు

మా గుంటూరులో చిరునామాలన్నీ భిన్నాలే.
బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగు,
కింద జిరాక్సు షాపు, పైన రేకుల గది.
ఆ గదిలో సాయంత్రం ఆరున్నరకి
మిర్చి ముచ్చికలు తీసి వచ్చిన ఆడవాళ్ళకి
నేను ఇంగ్లీషు చెబుతాను.

వాళ్ళకి కావాల్సింది గుడ్ మార్నింగు కాదు.
లోను కాయితం మీద, తమ పది వంకర సంతకాల పైన,
ఏం రాసుందో కూడబలుక్కుని చదవాలి.
అందుకని ఈ వారం
కలిసి అనే మాటకున్న ఇంగ్లీషు చుట్టాలందర్నీ
బోర్డు మీదికి పిలిచాను.

షేర్, అన్నాను.
"తెలుసులే మేడమా," అంది యలమందమ్మ,
"ఆటోలో నా ఒళ్ళో కూచునే మనిషి."
కింద జిరాక్సు పురుషోత్తం
తన షేర్లు పడిపోయాయని ఫోన్లో ఎవరికో మొరపెట్టుకుంటున్నాడు.
ఆయన ఒళ్ళోనూ ఎవరో కూచునే ఉంటారు.

కామన్, అన్నాను. అందరిదీ, అని రాశాను.
"మా పోర్షన్లలో దొడ్డి," అంది బాజీబీ.
ఏడు కుటుంబాలకి ఒక్క తలుపు, గొళ్ళెం ఊడిపోయింది,
లోపలున్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలని రూలు.
అదే మాటకి మామూలు, నాసి అనే అర్థమూ ఉందని చెబితే
యలమందమ్మ నా చేతిలో సుద్దముక్క వైపు చూసింది.
"అందరిదైతే చవకైపోద్దా?"
జవాబు దొరక్క చెరిపేశాను.
చెరిపినా తెల్లటి మరక అక్కడే ఉంది.

కలెక్టివ్ దగ్గర ఇరుక్కుపోయాను.
"కలెక్టరు గారి తాలూకానా?"
కాదమ్మా, అందరూ ఒక్కసారిగా, ఒక్కటిగా...
ఉదాహరణ కోసం తడుముకుంటుంటే
సువార్తమ్మ పైటకొంగు దులిపింది.
యార్డు ఘాటు గుప్పున లేచింది.
ముందు బాజీబీ తుమ్మింది, ఆపైన వెనక బెంచీ,
ఆపైన నేను, ఆపైన
ఎవరిదో ఆధార్ కాపీతో మెట్లెక్కుతున్న పురుషోత్తం.
కళ్ళు తుడుచుకుంటూ చెప్పాను:
ఇదీ.

జాయింట్ మాత్రం వాళ్ళే తెచ్చారు,
మడతల దగ్గర చిరుగుతున్న కాయితంలో.
జాయింట్ లయబిలిటీ.
ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ కట్టాలి,
తిలాపాపం తలా పిడికెడు, అని నవ్వబోయాను.
ఎవరూ నవ్వలేదు.
అప్పుడు చూశాను, పదో సంతకం నాంచారమ్మది.
మూడు వారాలుగా ఆమె చోట
ఎవరో ఒకరి అన్నం డబ్బా కూచుంటోంది.

పెద్దాసుపత్రిలో ఉందట, మొగుడికి కాలు తీసేశారట.
వీళ్ళు వంతులేసుకున్నారు:
యలమందమ్మ తెల్లారుజామున, పనిలోకి పోయే ముందు,
సువార్తమ్మ రాత్రుళ్ళు,
బాజీబీ ఆదివారాలు, చేపల పులుసుతో.
మరి కిస్తీ?
"కట్టేశాం. తలా అర టిక్కీ ఎక్కువ తీశాం, అంతే."
కాయితం ఏమంటోందో
నేనింకా చదివి చెప్పకముందే.

"ఇది చెప్పు మేడమా," అంది సువార్తమ్మ.
"ఆస్పత్రి వరండాలో గోనెపట్టా పరుచుకుని పడుకుంటా.
మాటలేముంటాయి, ఉండవు.
ఆమె లేస్తే లేస్తా, కూచుంటే కూచుంటా.
ఈ పనిని ఇంగ్లీషులో ఏమంటారు?"

కంపెనీ, అన్నాను. కంపెనీ ఇవ్వడం.
"పొగాకు కంపెనీయా?"
ఈసారి నవ్వారు, నేను కూడా.
తోడు, అని తెలుగులోనే రాసి
కింద ఒక గీత గీసి ఆపేశాను.

ఎనిమిదిన్నరకి తాళం వేస్తుంటే
బాజీబీ మెట్ల దగ్గర నిలబడి అడిగింది,
మీ ఇంట్లో చెంచాడు మజ్జిగ ఉంటుందా అని.
"పాలు ఈపాటికి గోరువెచ్చనై ఉంటాయి, తోడెయ్యాలి."

మా ఇల్లు ఒక అడ్డరోడ్డు అవతల, నాలుగు బై పదిహేను.
ముగ్గురూ నా వెంట వచ్చారు.
అన్నం డబ్బా మూతలో పోసిచ్చాను.
ఒక్క చెంచా మజ్జిగ ఒలక్కుండా
ముగ్గురూ అడుగు తగ్గించి
ఆటోల మధ్య నుంచి నడిచి వెళ్ళారు.
మలుపు తిరిగాక
ఎవరో తుమ్మారు.
మూత ఏమైందో నాకు తెలియదు.