నూట పన్నెండో పేజీ

ప్రొఫెసర్ గ్రసియేత్ వలాదీంకి బహుమతి వచ్చింది.
కొవిల్యా ఊరంతా, అంటే మిగిలిన ఊరు,
విశ్వవిద్యాలయం మెట్లెక్కి వచ్చి కూర్చుంది.
ఒకప్పుడు ఇది ఉన్ని మిల్లు.
రంగు తొట్ల మీద గాజు పరిచి
గాజు మీద కుర్చీలేశారు.
కాళ్ళకింద ఇంకా కొంచెం నీలం.

లిస్బన్ నుంచి వచ్చిన పెద్దమనిషి
"ఆలస్యంగా దక్కిన గుర్తింపు" అన్నాడు
మూడుసార్లు, మూడుసార్లూ మైకు కీచుమంది.

నేను చివరి వరుసలో, కోట్లు తగిలించే కొయ్య పక్కన.
పదకొండు నెలలు చెవులకి హెడ్‌ఫోన్లు బిగించుకుని
నలభై ముగ్గురు ఆడవాళ్ళ మాటల్ని
కాగితం మీదకి దించినవాణ్ణి.
నిమిషానికి ఇంత అని కూలి.
నవ్వితే బ్రాకెట్లో నవ్వు.
ఏడిస్తే బ్రాకెట్లో విరామం.
ఏడుపు అని రాయకూడదట,
అది మన ఊహ అవుతుందట.

పని మొదలెట్టే ముందే సంతకం పెట్టించుకున్నారు:
విన్నది వినలేదు, తెలిసింది తెలియదు.
నోట్లో నువ్వుగింజ నానబెట్టుకోవడమే
నా ఉద్యోగం.

పేర్లన్నీ మార్చేశాం.
ఏ పేరు ఎవరిదో రాసిన పట్టిక
ఇనప బీరువాలో ఉంది, తాళంచెవి ప్రొఫెసర్ మెళ్ళో.
వాళ్ళ మంచికేలెండి.
ఒకావిడ కొడుకు ఇప్పటికీ
ఆ పాత యజమాని చెర్రీ తోటలోనే పనిచేస్తున్నాడు.

చప్పట్లయ్యాయి.
కోట్ల కోసం వరసలో నిలబడితే
నా వెనక ఎవరో దగ్గారు.
రెండు పొడి దగ్గులు, వాటి చివర
ఈలలాంటి ఊపిరి.
పదిహేడో టేపు!
ఆ దగ్గు దగ్గర ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో,
దాని కింద ఒక మాట నలిగిపోయిందని.
మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు.

తిరిగాను. పొట్టి మనిషి.
ఆకుపచ్చ స్వెటర్, మోచేతి దగ్గర
ఇంకో ఆకుపచ్చతో మాటు.
నేనెందుకో పొడుగు మనిషిని ఊహించుకున్నాను.

చంకలోంచి పుస్తకం తీసి
బస్సు టికెట్టు పెట్టుకున్న చోట తెరిచింది.
నూట పన్నెండో పేజీ.
"మీరిక్కడే పనిచేస్తారా?
ఈ లుడొవీనా ఎవరో తెలుసా మీకు?
మిల్లు మూసేసిన రోజు క్యారేజీని
వంతెన మీంచి ఏట్లోకి విసిరేసిందట.
అంత పిచ్చిపని ఈ ఊళ్ళో
నేనొక్కదాన్నే చేశాననుకున్నాను."

విసిరాక తొమ్మిది సెకన్ల విరామం.
తర్వాత "మునగలేదు, పాడుది, తేలుకుంటూ పోయింది."
తర్వాత నవ్వు.
నేనే టైపు చేశాను.

ఇప్పుడు ఆ కళ్ళల్లో ఉన్నది వేళాకోళమో
నిజంగానే అడుగుతోందో
ఏ బ్రాకెట్టు పెట్టాలో తోచలేదు.
"తెలియదండీ" అన్నాను.

అవతల పూలగుత్తితో ప్రొఫెసర్ మా వైపు చూసింది.
ఈమె వంటింట్లో రెండు చలికాలాలు కూర్చుని
చెస్ట్‌నట్లు ఒలిచిన మనిషి.
చూసి,
తల తిప్పేసుకుంది.
నలుగురిలో పలకరిస్తే పట్టిచ్చినట్టే కదా.
వాళ్ళిచ్చిన కంచు పతకం కంటే
ఆ తిప్పుకున్న మెడ బరువుగా ఉంది.

ఆవిడ కోటు తొడుక్కుంది. ఒక బొత్తాం లేదు.
"సర్లెండి. ఎప్పుడైనా ఆ లుడొవీనా కనిపిస్తే చెప్పండి,
చెంచా పారెయ్యలేదని.
ఆ రోజు జేబులో ఉండిపోయింది.
ఇప్పటికీ దాంతోనే సూపు కలుపుతాను."

ఇది టేపులో లేదు.
పుస్తకంలో లేదు, ఇక ఉండదు కూడా.

బయట కొండమీంచి మంచు దిగుతోంది.
మెట్ల కింద నుంచి ఎవరో
ఆమెను పేరుపెట్టి పిలిచారు.

నేను వినలేదు.