పదిహేడో నంబరు

తలపెట్రక అంటారు దాన్ని, మురమంగ బస్టాండులో
గోనెసంచుల మీద కూర్చున్న ఆడవాళ్లు.
పేరు ముందున్న తల మన తల కాదు.
వాళ్ల భాషలో తలకి పేరు లోహ.
నిజంగా ఇనుమైతే బాగుండేది,
తుప్పు పడితే గీక్కోవచ్చు.

దూడ గిట్ట ముద్రలాంటి ఆకు.
బకూలి తెస్తుంది, కిలోల లెక్కన.
ఎక్కడ కోశావని అడిగితే
చెయ్యి చాపి కొండ మొత్తం చూపిస్తుంది.
తన చోటు పక్కదానికి తెలిస్తే రేపు పొయ్యి వెలగదు.
ఫారంలో 'సేకరించిన స్థలం' అన్న గడి
అందుకే ఖాళీ.

అంటననరివోలో, మూడో అంతస్తులో,
ఆకు ఎండింది, పొడైంది, స్పిరిట్‌లో నానింది,
ఆఖరికి సీసా అడుగున
పాత చింతపండు గుజ్జులా మిగిలింది.
రెండు సంచుల కొండకి
చెంచాడు జిగురు.

ఎలుకలు ముప్ఫై రెండు.
సగానికి రసం, సగానికి ఉత్త నీళ్లు.
ఏది దేనికో నురుతియానకి తెలియదు. తెలియకూడదు.
ఆ కాగితం ప్రొఫెసరు గారి సొరుగులో, తాళం కింద ఉంది.
తర్వాత అన్నిటికీ ఒకటే సూది, మరపు సూది.
మనకి అడక్కుండా వచ్చేదాన్ని
వాటికి మిల్లీగ్రాముల్లో తూచి ఎక్కించాలి.

నెలాఖరున ఇంట్లో పాలకి నీళ్లు కలిపే మనిషి
ఇక్కడ నీళ్లకి పాలపొడి కలుపుతుంది.
ఆ తెలుపు కింద, వేలెడు లోతున, ఒక పీట.
గోడల మీద గుర్తులు:
నల్ల నక్షత్రం, చారల గుడ్డ, పోయినేటి కేలండరు.
ఎలుక వాటిని చూసి పీట జాడ తెచ్చుకోవాలి.
నురుతియాన ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి,
ఎర్ర లాంబా భుజాన, స్టాప్‌వాచీ నొక్కుతుంది.

ముప్ఫై నాలుగు. యాభై ఒకటి.
అరవై, తోక పట్టుకుని తీసెయ్.
కొన్ని గోడ వెంబడే తిరిగి తిరిగి
ఏదో చెప్పబోయి ఆగిన ముసలివాళ్లలా తేలతాయి.
పదిహేడు మాత్రం బాణం.
ఎనిమిది సెకన్లు. ఏడు. మళ్లీ ఏడు.
పీట మీద కూర్చుని మీసాలు తుడుచుకుంటుంది.

ఆకు పనిచేస్తోందమ్మా, అనుకుంది నురుతియాన.
ఎవరితోనూ అనలేదు. లోపలే రెండు ఈలలు వేసుకుంది.

నాలుగో రోజు తలుపు చప్పుడు.
బకూలి, నెత్తి మీద తడి సంచి.
పదిహేడు నీళ్లలో ఉంది.
నురుతియాన రెండడుగులు తలుపు వైపు జరిగింది,
'ఒక్క నిమిషం' అనడానికి.
నీళ్లలో చిన్న తల తిరిగింది.
నక్షత్రాన్ని వదిలి, కేలండరును వదిలి,
పీట పక్కనుంచే ఈదుకుంటూ వచ్చి
ఎర్ర లాంబా కింద తొట్టి గోడని గీకడం మొదలెట్టింది.

ఓహో.
నేనా?

చూసింది బకూలి ఒక్కతే, ఆమెకి అర్థం కాలేదు.
నోట్‌బుక్కులో ఆ గడికి ఏడు అని వేస్తే సరిపోయేది.
చాలాసేపు పెన్ను మూత నమిలింది.
తర్వాత రాసింది:
'జంతువు గుర్తుగా వాడుకున్నది: నన్ను.'

ప్రొఫెసరు అండ్రియమిహాజ కళ్లజోడు తీసి
రెండు నెలల పనిని కళ్లజోడుతో పాటు తుడిచాడు.
సొరుగు తెరిచాడు.
పదిహేడు: ఉత్త నీళ్లు.

'ఇంతకీ పనిచేసిందా మా ఆకు?' అడిగింది బకూలి, డబ్బు లెక్కపెట్టుకుంటూ.
ఇంకా తెలీదంటే నవ్వింది.
'మా అమ్మ రోజూ తినేది. ఆఖరికి అన్నీ మర్చిపోయింది,
ఎవరెవరు ఎంతెంత బాకీయో తప్ప.'

ఇప్పుడు తొట్టి చుట్టూ తెర.
కొత్త ఎలుకలు రాకముందు, పద్ధతి సరిచూడ్డానికి
పాతవాటికే మరోసారి.
పదిహేడు దిగింది.
తెర ఖాళీగా ఉన్న వైపుకి ఈదింది,
ఆగింది, చుట్టూ తిరిగింది,
మళ్లీ అదే వైపు.
నలభై. యాభై. ఎనిమిది ఎప్పుడో దాటిపోయింది.
అరవై.

తోక పట్టుకుని తీయాలి, నియమం.
నురుతియాన తెర సందులోంచి
అరచెయ్యి చాపింది.
నాలుగు చల్లటి కాళ్లు, పాలపొడి వాసన.
కిందికి దిగనంటుంది.