బరువు ఎటు వాలితే అటు

టోపీలు పెడతాను నేను.
మోసం కాదు, వృత్తి.
ఎల్ ఆల్టోలో, కేబుల్ కార్లు నెత్తి మీంచి పోయే సందులో
ఒక కిటికీ, రెండు చెక్క అచ్చులు, ఒక సోల్డరింగ్ ఇనుము.
ఈ ఎత్తులో నీళ్ళు ఊరికే మరుగుతాయి గానీ
బంగాళాదుంప ఉడకదు.
ఉన్ని మాత్రం ఆవిరికి లొంగుతుంది.

ఏప్రిల్లో వచ్చింది దోన్యా నికనోరా తర్కి,
మాంసం అంగళ్ళ ఆడవాళ్ళ నాట్యబృందానికి పెద్ద.
"నలభై కావాలి. వెలగాలి.
పోయినేడు చేపల వాళ్ళవి వెలిగాయి."
కారణం అంతే.

మా టోపీ తలకి తొడిగేది కాదు.
రెండు జడల పాపిట మీద
పిట్ట వాలినట్టు కూర్చునేది.
గాలికి పడదు, అడుగు వేస్తే పడదు,
ఎందుకు పడదో అడిగినవాళ్ళకి చెప్పం.

దాని అంచున అరవై దీపాలు కుట్టాను,
ఆవగింజంతవి.
సన్నటి రాగి తీగ సూదికెక్కించి,
తీగకీ తీగకీ మధ్య పట్టుగుడ్డ అడ్డం పెట్టి.
వేలు రెండుసార్లు కాలింది, ఒకసారి గుచ్చుకుంది.
మీట నొక్కాను.
వెలిగింది.
వెలిగి, ఎడమకి ఒరిగింది.

బ్యాటరీ.
అగ్గిపెట్టెంత ఉంటుంది, యాభై గ్రాములు.
ఇక్కడ టోపీ నిటారుగా ఉంటే మొగుడున్నట్టు,
పక్కకి వాలితే లేనట్టు.
అలా అంటారు. లోకం చాలా అంటుంది.
నికనోరా అద్దంలో అటూ ఇటూ చూసుకుని
"ముప్పై ఏళ్ళ కాపురాన్ని
నీ బ్యాటరీ ఒక్క పూటలో తెంపేసిందే!" అని
బంగారు పన్నుతో సహా నవ్వింది.

రెండు రాత్రులు తూచాను.
రెండుగా చీల్చి ఎదురెదురు పెడితే
మనిషికి కొమ్ములు మొలిచాయి.
వెనక పెడితే టోపీ వానకోసం చూస్తున్న రైతులా
ఆకాశం చూసింది.
లోపల నడిమధ్య పెడితే
మాడు వెచ్చబడి, మనిషి నిద్రపోతుంది.

మూడో రాత్రి గుర్తొచ్చాడు నాన్న.
తగరపు గని. నుదుటి మీద దీపం,
వీపు వెనకనించి జారే నల్లటి తీగ,
బరువంతా మొలకి.
ఇంటికొచ్చాక కూడా దీపం ఆర్పడం మర్చిపోయి
అమ్మ మొహంలోకి చూసేవాడు,
ఆమె అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టేది.

జడ ఉంది కదా!
తీగని మూడు పాయల్లో నాలుగో పాయగా అల్లాను,
జడల చివర వేలాడే ఉన్ని కుచ్చుల్లో
బ్యాటరీని దాచాను.
టోపీ తేలికపడి
మళ్ళీ పిట్ట అయింది.

ముప్పై తొమ్మిది అయ్యాక,
దుకాణం మూసే వేళ,
సబినా ఊరేగింపు బట్టలు సంచీలో పెట్టుకుని వచ్చింది.
కాలేయం అమ్మే సబినా. పెద్దగా మాట్లాడదు.
"నాది మాత్రం మొదట చేసినట్టే చెయ్యి."
ఒరుగుతుందమ్మా, అన్నాను.
"తెలుసు. ఆగస్టుకి ఏడాది" అంది.
డబ్బు లెక్కపెట్టి, చిల్లర తీసుకోకుండా వెళ్ళింది.

కుచ్చులోంచి తీసి, ఎడమ అంచు లోపల
ఆ యాభై గ్రాములు కుట్టాను.
ఈసారి తప్పు చేయడానికి
ఒప్పు చేసినంత సేపు పట్టింది.

గ్రాన్ పోదేర్ రాత్రి
ఎర్ర కేబుల్ కారెక్కి లా పాజ్ లోకి దిగాను.
బూరలు ఇంకా వినపడటం లేదు,
అద్దం మీద నా ఊపిరి.
తుడిచి చూస్తే, కింద వీధి మలుపులో
వరసలు వరసలుగా వెలుగు గిన్నెలు,
అడుగుకి అడుగు, గిర్రున తిరిగి, మళ్ళీ అడుగు.
అన్నీ సమంగా.

నాలుగో వరసలో ఒకటి
కొంచెం ఎడమకి.
మా కారు స్టేషన్లోకి దూరేదాకా
దాన్నే చూశాను.
పక్క సీటు పిల్లాడు వేలు చూపించి
"అదొకటి పడిపోతోంది" అన్నాడు.
పడదు, అన్నాను.