వంద చుక్కలు

సోమవారం సంతలో ఏడు పిల్లలు కొన్నాను.
రెండు డేగ, ఒకటి నల్లది,
నాలుగింటికి ఇంకా రంగు తేలలేదు.
"రోగాలేం లేవండి, ఆయ్" అన్నాడు అమ్మినవాడు.
గోనె మూతి విప్పుతూ ఎవడైనా అదే అంటాడు.

పాత మంద తొమ్మిది.
అందులో పెద్దది మునసబు. ఒక కన్ను లేదు.
ఆ పక్క ఎవరు నిలబడ్డా ఊరుకోదు.
తవుడు తొట్టి దగ్గర ముందు అది, తరవాత బూడిదది,
ఆ తరవాత ఎవరో రాసిపెట్టక్కర్లేదు.

లంకలు మునిగిన ఏడు
కొత్తవాటిని తెచ్చిన సాయంత్రమే కలిపేశాను.
తెల్లారేసరికి రెండింటి నెత్తి మీద ఎముక కనపడింది.
బతికిన రెండూ తమ లోపలున్నది అందరికీ పంచాయి.
పదకొండింటిని కొబ్బరి మొదట్లో పాతాను.
ఆ చెట్టు బాగానే కాస్తోంది.
ఆ బొండాం మాత్రం నేను తాగను.

అందుకే ఈసారి సావిట్లో వేరే గంప, వేరే మూకుడు.
మేత ముందు పాతవాటికి, ఆఖర్న వీటికి,
కాళ్లు కడుక్కుని గాని ఇటు రాను.
"కోళ్లకి మడి కట్టావేటే" అని మా ఆయన నవ్వు.

పొద్దున్నే రెట్టలు చూడ్డం నా పేపరు చదువు.
కొసన తెల్లగా, గట్టిగా ఉంటే సరే.
పచ్చగా పారితే కొక్కెర తెగులేమో.
నెత్తుటి జీర ఉంటే ఊక తడిసిందన్న మాట.
కాలవ ఒక పక్క, చేపల చెరువు ఒక పక్క,
ఆషాఢంలో గోడలే చెమర్చే చోట
తడవని ఊక ఎక్కణ్ణించి తేను?
ఎత్తి పోస్తాను, సున్నం చల్లుతాను, మళ్లీ పరుస్తాను.

లసోటా సీసా వేలెడంత లేదు.
"ఏడింటికి ఇవ్వరా" అంటే
"వందకే చేస్తారమ్మా. కలిపాక రెండు గంటలు. తరవాత ఉత్త నీళ్లే" అన్నాడు కొట్టు కుర్రాడు.
పాలకొల్లు నించి రొయ్యల లారీలో, ఐసు పెట్టెలో వచ్చింది.
సీసాకి ఇంకా రొయ్య వాసన.

ఏడు చుక్కలు పిల్లలవి, తొమ్మిది పెద్దవాటివి.
ఎనభై నాలుగు ఎవరివి?

గట్టు మీద నిలబడి కేకేశాను.
గంపలొచ్చాయి, సంచులొచ్చాయి, ఓ చీర కొంగులో రెండు,
సైకిలు హేండిలుకి తలకిందులుగా మూడు.
తిట్టి విప్పించాను.
గంపలు దూరం దూరంగా పెట్టండి, నేల మీద వదలకండి,
తూగేదాన్ని తేవద్దు.
తల పక్కకి, కంట్లో చుక్క, రెప్ప వాల్చేదాకా ఆగడం.
చెయ్యి బకెట్లో ముంచడం. ఇంకోటి.
ముప్పై ఎనిమిదో తొమ్మిదో, లెక్క తప్పింది.

చివర్న గుబ్బల మంగతాయారు.
మా వంగనారు ఎవరి కోళ్లు తవ్వాయన్న గొడవ మీద
రెండేళ్లుగా మాకు మాటల్లేవు.
ఆ పూటా లేవు.
గంప దించింది. ఒక్కోదాన్నీ నా చేతికందించింది.
పద్నాలుగు. అన్నీ బలిసినవే.
నా వంగనారు తినే, అనుకున్నాను.
చుక్క మాత్రం ఒక్కటీ తప్పనివ్వలేదు.

ఇరవై రోజులయ్యాక చెరువు మీది చిరుగుల వల అడ్డం కట్టాను.
కనపడాలి, అందకూడదు.
మునసబు మొదటి రోజంతా వలని పొడిచింది.
రెండో రోజు మధ్యాహ్నం దాకా.
ఆరో రోజు వలకి వీపానించి దుమ్ములో పొర్లింది.

ఆ రాత్రి దీపం లేకుండా
దండెం మీద ఖాళీలు తడుముకుంటూ పిల్లల్ని పెట్టాను.
చీకట్లో కోడికి కోపం రాదు.
నల్లది మిగిలింది. మునసబు పక్కనే చోటు.
ఏ పక్కో తెలియలేదు.

తెల్లారి చూస్తే కన్ను లేని పక్క.
రెండూ ఇంకా నిద్రలోనే.

తరవాత పొడిచిందనుకోండి, పొడవకుండా ఎలా?
తొట్లు రెండు పెట్టినా పొడిచింది.
ఎరుపు కనపడితే అందరూ అక్కడికే వస్తారని
నల్లదాని నెత్తిన పసుపూ వేపనూనే మెత్తుతున్నాను.

"నిలబడుద్దా?" అంది కంచె అవతలి గొంతు.

తలెత్తలేదు.
"మేత తింటంది" అన్నాను.